రెండు చేతుల మొక్కు

ఆ రోజుల్లో వనపర్తి నుంచి గద్వాలకు కారు నడపడం నాకు ఉద్యోగంలా ఉండేది కాదు, మెలకువలో కనే కలలా ఉండేది. నాలుగు వరుసల రోడ్డు కొత్తగా వచ్చింది. తెల్లవారుజామున కృష్ణ వంతెన ఎక్కితే మంచులో కింది నీళ్ళు కనిపించేవి కావు. కారు మబ్బుల మీద పోతున్నట్టుండేది. వరుస మారాలంటే వెనక చూడాలని, ఇండికేటర్ వేయాలని నాకు తెలియక కాదు. కలలో ఎవరు ఇండికేటర్ వేస్తారు?

వంతెన దాటితే బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి. మా వైపు డ్రైవర్లు అక్కడ హారన్ కొట్టి, ఒక చెయ్యి గుండెకు తాకించుకుని సాగిపోతారు. నాది ఇంకాస్త పెద్ద భక్తి. రెండు చేతులూ జోడించి కళ్ళు కూడా మూసేవాణ్ణి (స్టీరింగ్ సంగతి స్వామికి అప్పగించి). ఒకనాడు చీరలు కొనడానికి పెళ్ళివారిని గద్వాలకు తీసుకుపోతూ అలాగే మొక్కాను. కారు మెల్లగా కుడి వరుస వదిలి, ఎడమ వరుసలో తన దారిన తాను పోతున్న మోపెడ్‌ను తాకింది. కారులో సాక్షి ఒక్కరూ లేరు. పెళ్ళివారంతా నాతోపాటే కళ్ళు మూసుకుని ఉన్నారు.

మోపెడ్ మీది మనిషి గద్వాలలో చీరలు నేసేవాడు. తర్వాత్తర్వాత నాకు మగ్గం మామ అయ్యాడు. కుడి మణికట్టు విరిగి, నెలల తరబడి మగ్గం ముందు ఊరికే కూర్చున్నాడు. పరిహారం కోసం కోర్టుకు వెళ్ళాడు. వరుస మారింది కారు అని తేలితేనే ఆయనకు పరిహారం వస్తుంది. అలా తేలితే నా కొలువు పోతుంది. కారు యజమాని మా సేటు ముందే చెప్పాడు: "మోపెడే నా లైన్లకొచ్చింది అను. గంతే. ఎక్కువ మాట్లాడినవో, రేపటిసంది బండి తాళాలు అడగకు."

బోనెక్కి అప్పజెప్పినట్టు అదే అన్నాను. ఎదురుగా మామ విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే కోర్టు వెనక గుడిలో గంట మోగింది. నా చేతులు రెండూ వాటంతటవే లేచి జోడించుకున్నాయి, కళ్ళు మూసుకున్నాయి.

"ఏంది డ్రైవర్ సాబ్, బండి నడిపేటప్పుడు గూడ గిట్లనే మొక్కుతవా?" అన్నాడు మామ తరఫు వకీలు.

"ఒక్క చేత్తోని మొక్కితె ఏం బాగుంటది సార్?"

"మరి గప్పుడు స్టీరింగ్ ఎవరు పట్టుకుంటరు?"

"జరసేపే గద సార్!"

జడ్జిగారు నవ్వు దాచుకోవడానికి ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. మా సేటు మాత్రం నవ్వలేదు.

మామకు పరిహారం వచ్చింది, నాకు ఉద్యోగం ఊడింది. ఆ తర్వాతే వింత జరిగింది. 'కొలువు పోతదని తెలిసీ నిజం చెప్పిన పిలగాడు' అన్న పేరు మామ నోట మొదలై ఇటు గట్టు మండలం దాకా, అటు తెలకపల్లి దాకా పాకింది. నాగర్‌కర్నూలులో ఒకాయన ఆ పేరు వినే నన్ను పిలిచి బండి ఇచ్చాడు. నేను కాదనలేదు. ఇన్నేళ్ళుగా ఆ గౌరవాన్ని ఎవరిదో చొక్కా తొడుక్కున్నట్టు ఇబ్బందిగా తొడుక్కునే తిరుగుతున్నాను.

మొన్న గద్వాల పోయినప్పుడు మామ మగ్గం పక్కన కూర్చుని చెప్పేశాను. "మామా, ఆ దినం నేను అబద్ధం ఆడనీకె వచ్చిన. గంట మోగకుంటె నీకు ఏం రాకపోతుండె."

ఆయన చేతిలో పని ఆపలేదు. "నాకు తెల్వదా పిలగా? నువ్వు బోనెక్కి మొదలు అబద్ధమే చెప్తివి. నేను ముంగటనే కూసున్న గద!"

"మరి ఊరందరికి గట్లెందుకు చెప్పినవ్?"

"నా కేసుతోనే నీ కొలువు పాయె. అబద్ధాలోడన్న పేరు గూడ వస్తే నీకు బండి ఎవరిస్తరు? సగం చెప్పిన, సగం మింగిన. తియ్, చాయ్ తాగు."

చాయ్ తాగాను. నాగర్‌కర్నూలు తిరిగి పోతూ, మీసాలు అప్పుడప్పుడే చిక్కబడుతుండగా ఆనాడు బోనెక్కిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను. రెండో కొలువు తన అదృష్టమే తెచ్చిందనుకున్నాడు పాపం.