ఎవరికి మేలు?

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. ఓటేసే రోజున తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. పాలు తాగే పిల్లల నుంచి పళ్లూడిన తాతల దాకా అందరికీ ఆమె మైకత్త. పురపాలక ఆఫీసు వాళ్లు ఏం చెప్పాలన్నా, ఆటో నెత్తిన గరాటులాంటి లౌడ్‌స్పీకర్ కట్టుకుని, వీధి వీధీ తిరిగి చెప్పేది ఆమే. నీళ్లు ఏ రోజు రావో, పసిపిల్లలకు చుక్కలు ఎక్కడ వేస్తారో, తప్పిపోయిన ముసలాయన చొక్కా ఏ రంగుదో, అన్నీ ఊరు ఆమె గొంతులోనే విన్నది.

అంతకుముందు ఆ పని ఆమె మొగుడిది. గొంతులో పుండు లేచి, ఆపరేషన్ అయ్యాక ఆయనకు మిగిలింది బొంగురు గుసగుస. చెవి దగ్గర పెడితే తప్ప వినిపించదు. మైకు భార్య చేతికొచ్చింది. ఆడమనిషి మాట జనం వింటారా అని ఆఫీసులో ఒకరిద్దరు ఇకిలించారు. మీ ఇళ్లలో వినడం లేదా అని ఆమె అడిగేసరికి నోళ్లు మూసుకున్నారు.

మైకు పోయినా ఆయన పని మాత్రం మానలేదు. ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా ముందు ఆయన మంచం దగ్గరికి రావాల్సిందే. ఆమె చదివేది, ఆయన వీధి మొత్తం తానే అయిపోయి ప్రశ్నలు వేసేవాడు. కాసేపు చెవిటి తాత, కాసేపు అద్దె ఎగ్గొట్టి పేచీ పెట్టే మనిషి, కాసేపు ఊరికే వాదించేవాడు. ఎందుకు, ఎన్నాళ్లు, ఎవరికి మేలు? ఆమె నీళ్లు నమిలిందంటే ఆయన దుప్పటి లాక్కుని గోడవైపు తిరిగేవాడు. పో, అడిగి రా అని దానర్థం. ఆమె మళ్లీ ఆఫీసు మెట్లెక్కేది. ఆమెను చూడగానే గుమాస్తాలు ఎక్కడ లేని పనీ తెచ్చుకుని తలలు వంచుకునేవారు.

ఆమెకు ఆంక్షలంటే గిట్టదని మాత్రం అనుకోకండి. ఒక వానాకాలం వాంతులు, విరేచనాలు ఊరిని పట్టి పీడించినప్పుడు, వాళ్ల వీధి బావికే గొలుసేసి తాళం పెట్టమని ఉత్తర్వు వచ్చింది. ఆ చాటింపు వేసింది ఆమే. ఎదురింట్లో ఉండే ఆడపడుచు వీధిలోకొచ్చి, మా బావి మీద నీ మైకు పెత్తనం ఏంటని కడిగిపారేసింది. మైకత్త నొచ్చుకుంది కానీ తగ్గలేదు. నీళ్లలో ఏం కలిసిందో, ట్యాంకరు ఎక్కడ ఆగుతుందో, తాళం ఎప్పుడు తీస్తారో, అడిగిన ప్రతిదానికీ ఆమె దగ్గర జవాబుంది. తాళం పడింది, జబ్బు తగ్గింది. ఆడపడుచు మాత్రం ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేసింది.

అలాంటి మనిషికి ఒక రోజు ఇంకో కాగితం వచ్చింది. ప్రజల మేలు కోరి ఆసుపత్రి సందుకు గేటు పెట్టి మూసేస్తున్నారు, దాటినవాళ్ల మీద చర్య తీసుకుంటారు. పల్లపు వీధుల వాళ్లు ఆసుపత్రికి వెళ్లేది ఆ సందులోంచే. అది మూస్తే బజారంతా చుట్టి, రైలు గేటు దగ్గర పడిగాపులు కాసి వెళ్లాలి. నొప్పులు పడుతున్న ఆడమనిషికి, ఊపిరాడని ముసలివాడికి అది ఎంత దూరమో వేరే చెప్పాలా? ఆ సందులోని బంగళాలోకి ఈమధ్యే పురపాలక ఆఫీసు కొత్త అధికారి దిగాడని, ఆటోల మోతకు ఆయన మధ్యాహ్నం కునుకు చెడుతోందని ఊరంతా కోడై కూస్తోంది. కాగితంలో మాత్రం కునుకు ఊసే లేదు.

మంచం మీద ఆయన ఈసారి ఏ వేషమూ వేయలేదు. ఒక్కటే అడిగాడు, ఎవరికి మేలు అని. ఆమె కాగితం మళ్లీ మొదటి నుంచి వెతికింది. ఆయన గోడవైపు తిరిగాడు.

గుమాస్తాను అడిగితే పైవాళ్లను అడగమన్నాడు. సరే, తాడో పేడో తేల్చుకుందామని ఆమె ఆ కొత్త అధికారి గదిలోకే వెళ్లింది. ఆయన మర్యాదస్తుడే, కూర్చోమన్నాడు. ఆమె నిలబడే అడిగింది.

"చూడమ్మా, దారి మూసే అధికారం మాకుంది," అన్నాడాయన.

"ఉంది సార్. బావి మూసినప్పుడూ ఉంది, మా వీధి బావే దగ్గరుండి మూయించాను. జనం బతకాలని మీ చేతికి తాళం ఇచ్చారు. జనానికి మేలున్నంత వరకే అది మీది. ఈ గేటుతో ఎవరికి మేలో చెప్పండి, గొంతు పోయేదాకా తిరిగి చెప్తాను. మేలు లేదంటారా, ఈ తాళం మీది కాదు."

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. చదివితే చదువు, లేకపోతే మైకు ఇక్కడ పెట్టి వెళ్లు అన్నాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ మైకుతోనే, మొగుడికి మందులొచ్చేదీ దానితోనే. అబద్ధం చదివితే ఆ మొగుడి ముందు కూర్చుని అన్నం ఎలా తినాలన్నది కూడా ఆమెకు ఆ క్షణానే తోచింది. భయం వేసినకొద్దీ ఒళ్లు మండింది.

"చదువుతాను సార్," అంది.

దారికొచ్చిందనుకున్నాడాయన. పప్పులో కాలేశాడు.

ఆ మధ్యాహ్నం ఆమె మొగుడిని కూడా ఆటో ఎక్కించుకుంది. మామూలుగా అయితే రెండుసార్లు చదివి, మైకు ఆపేసి, జనం అడిగినవాటికి నోటితో జవాబు చెప్పేది. ఆ రోజు మైకు ఆపలేదు. మొదటి మలుపులో ఎవరో ఎందుకు మూస్తున్నారని అడిగారు. అడిగాను, చెప్పలేదు అని ఆమె మైకులోనే చెప్పింది. ఎవరికి మేలని ఇంకొకరు అడిగారు. అడిగాను, చెప్పలేదు. ఒక్క అక్షరం అటూ ఇటూ చేయకుండా ఉత్తర్వంతా చదివింది, ఆఫీసువాళ్లు జవాబు ఇవ్వలేదన్నది కూడా ఉత్తర్వులో భాగంలాగే చదివింది. మలుపు మలుపుకీ ఆటో వెనక జనం చేరారు.

చివరికి ఆటో బంగళా ముందు ఆగింది. ఆ ఇల్లూ ఊళ్లోదే, వాళ్లకూ చాటింపు వినే హక్కుంది కదా. సరిగ్గా కునుకు వేళ. ఆమె మొత్తం చదివింది. అధికారి నిద్రమొహంతో వరండాలోకి వచ్చాడు. ఆమె మైకు మొగుడి నోటి దగ్గర పెట్టింది. ఎన్నేళ్ల తర్వాతో ఆయన గొంతు ఊరికి వినిపించింది, బొంగురుగా, గోడలు గీరినట్టు.

"ఎవరికి మేలు?"

అధికారి లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

మైకు పోయింది. అనుకున్నదే. మర్నాడే ఆఫీసువాళ్లు వచ్చి లౌడ్‌స్పీకర్‌తో సహా ఊడదీసుకుపోయారు. మైకత్త తలుపు దగ్గర నిలబడి చూసింది, ఎవరినీ బతిమాలలేదు. ఏడుపొచ్చింది, వాళ్లు మలుపు తిరిగాకే ఏడ్చింది.

ఎన్నికల ఊరేగింపుల్లో అరిచి ఆరితేరిన ఒక పెద్దమనిషిని కొత్తగా పెట్టారు. ఆయన ఆమె వీధిలోకే వచ్చి, అదే కాగితం గడగడా చదివేసి ఆటో కదిలించబోయాడు. కదల్లేదు. ముందు ఆడపడుచు నిలబడి ఉంది, చేతిలో తడి బట్టల బకెట్టు, వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు.

"ఎవరికి మేలో చెప్పి కదులు," అంది.

నాకేం తెలుసమ్మా, చదవమన్నారు చదివాను అన్నాడు.

"అయితే వెళ్లి అడిగి రా. అప్పటిదాకా సందులో గేటు పెట్టనివ్వం. పెట్టేవాళ్లు మమ్మల్ని దాటి పెట్టాలి."

ఆటో వెనక్కి తిరిగింది. ఆడపడుచు వదిన గుమ్మం వైపు ఒకసారి చూసి, మాట్లాడకుండానే తన ఇంట్లోకి వెళ్లిపోయింది.

లోపల మంచం మీద మొగుడు లేచి కూర్చున్నాడు. బయట ఏంటా గొడవ, చెల్లెలు ఏమంటోందని సైగ చేశాడు.

"మీరడిగేదే అడుగుతోంది," అంది మైకత్త. "మైకు లేకుండా."