చెట్ల వయసు అడిగిన టీచరమ్మ

నా భార్య పోయింది. పోయిన నెలలో, ఒక బుధవారం. పొద్దుటి వార్తలు రేడియోలో విన్నది. మధ్యాహ్నపు వార్తల వేళకు లేదు.

ఆమె మా కాలనీ బడిలో మూడో తరగతి టీచరు. హాజరు పిలుస్తూ సగంలో ఆగిందట. కుర్చీ పట్టుకోబోయి కింద పడిందట. బడి ఆయమ్మ పరుగెత్తుకుంటూ టింబర్ యార్డుకు వచ్చింది. నేను అక్కడ గుమాస్తాను. బొగ్గు బాయి లోపల కప్పు కూలకుండా నిలబెట్టే కర్రలను ప్రాపులంటాం. అవి అడవి నుంచి లారీల్లో వస్తాయి. వాటిని కొలిచి, సరిపోయినవి తీసుకుని, సరిపోనివి తిప్పి పంపడం నా పని.

"సారూ, జల్ది రాండ్రి. టీచరమ్మ పడిపోయింది."

"ఏ టీచరమ్మ?" అన్నాను.

ఆయమ్మ నా మొహంలోకి చూసింది.

దవాఖానలో డాక్టరు తలలో నరం చిట్లిందన్నాడు. మాట వినబడింది. అర్థం అందలేదు. బెంచీ మీద కూర్చుని జేబులోని కొలత టేపు బయటికి లాగాను. మళ్ళీ చుట్టాను. అలా ఎన్నిసార్లు చేశానో తెలియదు. చివరికి మా బామ్మర్ది వచ్చి టేపు నా చేతిలోంచి తీసుకున్నాడు. ఆమెకు ఒక్కడే తమ్ముడు. బాయిలో టింబర్‌మన్, అంటే ఆ ప్రాపులు నిలబెట్టేవాడు. షిఫ్టు మధ్యలో పైకి వచ్చాడు. మొహమంతా బొగ్గు. కళ్ళ కింద మాత్రం రెండు చారలు.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. జ్వరం వచ్చినా మాత్ర వేసుకోని మనిషి. ఇది రాస్తున్నప్పుడు కూడా, పై మొదటి వాక్యం ఎవరో వేరొకరి గురించి రాసినట్టే ఉంది.

ఆమె గురించి నాలుగు మాటలు రాసిమ్మని బడి హెడ్మాస్టరు గారు అడిగారు. పొగడ్తలు నాకు చేతకావు. ఆమెకు గిట్టేవి కావు. జరిగింది రాస్తాను.

మా పెళ్ళి అరవై రెండులో అయింది. ఆమెది పెద్దపల్లి అవతల, అడవి అంచున ఉన్న పల్లె. మేం గోదావరిఖని వచ్చేనాటికి మా క్వార్టర్ల వెనక కూడా అడవే ఉండేది. సాయంత్రం నెమళ్ళు అరిచేవి. కొత్త బావులు, కొత్త క్వార్టర్లు వస్తున్న కొద్దీ అది వెనక్కి జరుగుతూ పోయింది. మొదటి ఏడాది బతుకమ్మకు తంగేడు పూలు ఇంటి వెనకే కోసుకుంది. నాలుగైదేళ్ళు గడిచాక పూల కోసం పొద్దున్నే బయలుదేరితే ఎండెక్కాక గాని తిరిగొచ్చేది కాదు. వచ్చి, "ఇంకో గుట్ట దాటిన ఈసారి" అనేది. అంతే అనేది.

పేపరు రైల్లో రామగుండం దిగి మా ఇంటికి చేరేసరికి సాయంత్రమయ్యేది. మొదటి పేజీ నాకు ఇచ్చేసేది. తను లోపలి పేజీల్లో విదేశీ వార్తలు వెతికేది. వాటిలోనూ అడవుల వార్తలు. రెండు ముక్కలు కనబడినా కత్తిరించి, పాత హాజరు పుస్తకంలో గంజితో అంటించేది. ఎక్కడో దేశాల అడవులతో నీకేం పని అని ఒకసారి అడిగాను.

"మన దగ్గర పోతున్నది గద. ఎక్కడన్న ఉంటున్నదా అని చూస్తున్న" అంది.

ఆ పుస్తకంలో మొదట అంటించిన ముక్క ఒక చలి దేశం గురించి. అక్కడ అడవిని భాగాలు చేసి, ఒక భాగంలో కొడితే, అక్కడ నాటిన చెట్లు ఎదిగే దాకా మళ్ళీ అటు వెళ్ళరట. చెట్టుకు తగిన వయసు రాకుండా గొడ్డలి పెట్టనివ్వరట. చదివి పేపరు మడిచింది.

"మీ యార్డుల చెట్టు వయసు ఎవరు చూస్తరు?"

"వయసు కాదు, లావు చూస్తాం."

"లావుంటే పెద్దయినట్టేనా? మా క్లాసుల ఒక పిల్ల నాకంటె లావున్నది. దాన్ని హెడ్మాస్టర్ని చేస్తరా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

మా కాలనీలో ప్రతి ఇంట్లో దుంగ ముక్క ఒకటి ఉంటుంది. యార్డులో పొడవుకు కోయగా మిగిలిన ముక్కలను తెచ్చుకుని పీటలుగా వాడుకుంటారు. మా ఇంట్లోది పెళ్ళయిన ఏడాది తెచ్చింది, టేకు. ఆ సాయంత్రం ఆమె దాన్ని వెలుతురులోకి లాగి, కోత మీద సుద్ద రుద్దింది. వలయాలు తేలాయి. పిన్నీసు మొనతో ఒక్కొక్కటి తాకుతూ లెక్కపెట్టింది. ఏడాదికొక వలయమని పిల్లలకు చెప్పే పాఠమే అది.

"మా నాయనంత ఉన్నది" అంది. ఆ తర్వాత కొన్నాళ్ళు దాని మీద కూర్చోలేదు.

అప్పటి నుంచి అప్పుడప్పుడు ఒక ముక్క తెమ్మనేది. రెండేళ్ళ తర్వాత తెచ్చినదాన్ని చూసి, "ఇది నా ఈడుది" అంది. డెబ్బైలో ఇంకొకటి తెచ్చాను. రెండుసార్లు లెక్కపెట్టింది. పిన్నీసు పక్కన పెట్టింది.

"మా మూడో తరగతి" అంది.

మాకు పిల్లలు లేరు. ఆ మాట ఆమె ఎలా అందో నాకు తెలుసు.

నల్లా దగ్గర ఆమెకు ఇంకొక బడి ఉండేది. నీళ్ళు వదిలే వేళ బిందెలు వరుసలో ఉంటే, ఆ వరుసలోని ఆడవాళ్ళకు ముందు రోజు వార్త చెప్పేది. డెబ్బై రెండు ఎండాకాలం చివర ప్రపంచ దేశాలన్నీ ఒకచోట కూర్చుని నీళ్ళ గురించి, గాలి గురించి, అడవుల గురించి మాట్లాడుకున్నాయి. మన ప్రధాని కూడా వెళ్ళారు. ఆ వారమంతా అదే వార్త. నేను స్నానానికి నీళ్ళ కోసం నిలబడి విన్నాను.

"గా చలి దేశంల చెట్టు కొట్టాలంటె ఆఫీసరు వచ్చి గుర్తు పెట్టాలెనట" అంది మా ఆవిడ.

"మరి గక్కడ బతుకమ్మ పూలకు గూడ ఆఫీసరునే అడుగాల్నా టీచరమ్మా?" పక్క లైను ఆమె.

"ఓ అక్కా, గాళ్ళకు బతుకమ్మ ఏడిది! మంచుల ఏం పూలు పూస్తయి?" ఇంకొకామె.

"గందుకే కాపాడుకున్నరు. మనకు తేరగ వచ్చె, తీసి పారేస్తిమి." వరుస చివర ఒక ముసలామె.

అందరూ నవ్వారు. నా భార్య బిందె ఎత్తుకుంటూ అంది: "ఇంత పెద్ద మీటింగైంది. మన టింబర్ యార్డు ముచ్చట మాత్రం ఎవ్వలు తియ్యలె."

నేను అక్కడ ఉన్నట్టు ఆమెకు తెలుసు.

ఆదివారాలు మా బామ్మర్ది భోజనానికి వచ్చేవాడు. ఒక ఆదివారం అన్నం కలుపుతూ బాయి సంగతి చెప్పాడు. బరువు మీద పడ్డప్పుడు ప్రాపు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు విని మనుషులు వెనక్కి తప్పుకుంటారు. ఇది అందరికీ తెలిసిందే. అతను చెప్పింది ఇంకొకటి.

"ముదురు కర్ర ఏడ్చి ఏడ్చి విరుగుతది బావా. ఉరికేటందుకు టైమిస్తది. ఇప్పుడొచ్చేటియి లేత కర్రలు. సప్పుడు లేదు. వంగుతయి, పోతయి. మొన్న ఒకటి వంగుతాంటె కండ్లతోని చూసి జరిగిన. అటు మొహం పెట్టుకోని ఉంటె ఈ పప్పు తినకపోదును."

"పప్పుల ఉప్పు తక్కువైందని అంటివి గద. గదీ అనకపోదువు" అన్నది అక్క. కాని ఆమె చేయి కంచంలోనే ఆగిపోయింది.

అతను వెళ్ళాక నన్ను అడిగింది. "లావు చూస్తమంటరు. ఏడ కొలుస్తరు?"

"మొదలు దగ్గర."

"కొస దగ్గర?"

కొలవాల్సింది సన్నని కొస దగ్గరే. నాకు పని నేర్పిన పాత గుమాస్తా మొదలు దగ్గర టేపు చుట్టేవాడు. వంగి లేచే పని తక్కువ, లారీ జల్దీ ఖాళీ అవుతుంది. నేనూ అదే అలవాటు చేసుకున్నాను. మొదలు లావుగా ఉంటే చిన్న చెట్టు కూడా పెద్ద చెట్టుగా లోపలికి పోతుంది. ఆ చెట్టు కిందనే నా బామ్మర్ది నిలబడతాడు.

కోపం వచ్చింది. తప్పు పట్టుకున్నందుకు వచ్చే కోపం. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె కూడా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నాలుగో రోజు సాయంత్రం నేనే చెప్పాను, ఇవాళ కొస దగ్గర కొలిచాను, సగం లారీ తిప్పి పంపాను అని. తల ఊపి, "చాయ తాగుతరా?" అంది.

కర్ర తెచ్చే కాంట్రాక్టరు మనిషి ఊరుకోలేదు.

"ఏంది సారూ, ఇంట్ల హెడ్మాస్టరమ్మ పాఠం చెప్పిందా?"

"చెప్పింది" అన్నాను.

అతను డ్రైవరును లారీ తిప్పమన్నాడు.

కొన్నాళ్ళకు ముదురు కర్ర రావడం మొదలైంది. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఎక్కడి నుంచి వస్తున్నదని అడిగింది. గోదావరి అవతల, చాలా లోపలి నుంచి అన్నాను.

"అంటె నేను పిల్లలను విడిపించి పెద్దలను పట్టిచ్చిన్నా?"

జవాబు ఆమే వెతుక్కుంది, ఆ పాత హాజరు పుస్తకంలో. "అది మన బడి లెక్కనే నడుస్తది. ఒకటో తరగతిల కొత్తోళ్ళను చేర్చుకుంటనే ఉండాలె, పదో తరగతోళ్ళను పంపుతనే ఉండాలె. చేర్చుకునుడు బందు వెట్టి పంపుడే పెట్టుకుంటె, ఒకనాడు బడి ఖాళీ అయితది" అని వివరించింది. అడవి గురించి నేను విన్నవాటిలో నాకు పూర్తిగా అర్థమైంది ఇదొక్కటే. పెద్దపల్లిలో అటవీ ఉద్యోగి ఒకాయన కనబడితే ఆయనకూ ఇదే చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. నాటుతున్నామమ్మా అన్నాడు. "నాటుడు కాదు సార్, హాజరు తీసుకుంటున్నరా?" అని అడిగింది.

ఆమె అడవిని కాపాడిందని నేను రాయను. కాపాడలేదు. ఒక యార్డులో ఒక గుమాస్తా టేపును మొదలు నుంచి కొసకు జరిపింది. అంతే చేసింది. అప్పటి నుంచి నేను ఇంటికి రాగానే ఆమె అడిగే మాట ఒకటే: "ఇయ్యాల ఏమొచ్చింది?" ఎన్ని తీసుకున్నాను, ఎన్ని తిప్పి పంపాను, ఏ చెట్టు అని చెప్పేవాణ్ణి. నాలుగేళ్ళు రోజూ చెప్పాను. మేం ఎక్కువ మాట్లాడుకునే వాళ్ళం కాము. మా మాటల్లో సగం అవే.

పెద్దకర్మ అయిన మర్నాడు డ్యూటీకి వెళ్ళాను. ఇంట్లో ఉండలేక వెళ్ళాను. లారీ వచ్చి ఉంది. కాంట్రాక్టరు మనిషి దగ్గరికొచ్చి, "పాపం సారూ, మంచి మనిషి" అన్నాడు. నిజంగానే అన్నాడు. నేను టేపు తీసి కొలిచాను. రాసుకున్నాను. సంతకం చేశాను. ఏళ్ళ తరబడి చేసిన పని, చేయి దానంతట అది చేసింది. అంతా సరిగ్గానే ఉందనుకున్నాను.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి చెప్పులు విప్పాను. ఇంట్లో చప్పుడు లేదు. ఎవరూ ఏమీ అడగలేదు. అప్పుడు నన్ను నేనే అడిగాను, ఇవాళ ఏమొచ్చింది అని. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఆ పొద్దున నేను లారీకి ఒక వైపే తిరిగాను. ప్రతి కర్రనూ మొదలు దగ్గరే కొలిచాను. కొస వైపు వెళ్ళనే లేదు.

చెప్పులు లేకుండానే పరుగెత్తాను. ఈ వయసులో, ఆ ఎండలో, కాలనీ రోడ్డు మీద అలా పరుగెత్తడం చూసి జనం మళ్ళీ ఏదో అయిందనుకున్నారు.

నేను బాయి దగ్గరికి చేరేసరికి కర్రలన్నీ టబ్బుల్లోకి, అంటే లోపలికి దిగే ఇనప బండ్లలోకి, ఎక్కించారు. రెండో షిఫ్టు వాళ్ళు దిగడానికి తయారుగా ఉన్నారు. మా బామ్మర్ది కూడా ఆ షిఫ్టులోనే. అక్క పోయాక అతనికీ అది మొదటి డ్యూటీ.

"దించు" అన్నాను.

"బావా, నువ్వు ఇంటికి పోయి పండుకో. నీకు మనసు మంచిగ లేదు."

"దించు. మొదలు దగ్గర కొలిచాను."

"సంతకం నీదే ఉన్నది గద."

"సంతకం తప్పు."

అతను నన్ను చూశాడు. తర్వాత టబ్బు దగ్గరికి వెళ్ళి, ఒక కర్ర కొసను రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. వేళ్ళు అటు నుంచి ఇటు కలిసిపోయి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. కొంచెంసేపు అలాగే పట్టుకుని ఉన్నాడు. వెనక్కి తిరిగి, "దించుండ్రి రా" అన్నాడు. మళ్ళీ అన్నాడు.

అందరం కలిసి దించాం. నేల మీద ఒకదాని పక్కన ఒకటి పరిచాం. బెరడు ఇంకా పచ్చిగానే ఉంది. మా చేతులకు జిగురు అంటుకుంది. కొసల దగ్గర గొడ్డలి దిగిన చోటు తెల్లగా, తడిగా ఉంది. ఆ తడి మీద ఈగలు వచ్చి వాలుతున్నాయి. బామ్మర్ది తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి వాటిని తోలుతున్నాడు. అవి లేచి, మళ్ళీ వాలుతున్నాయి.