సీసా మూత తీయకముందు

మా పశువుల డాక్టరు సారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను వీపనగండ్ల దగ్గర ఒక రైతు కొట్టంలో, భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, ఆవు వెనక నిలబడి ఉన్నాను. ఫోన్ నా చెవి దగ్గర పెట్టింది రైతే. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఈ ఆవు సంగతి ఇప్పుడెవరిని అడగాలి?

ఉద్యోగంలో చేరి ఎనిమిదేళ్లయినా, సారు రిటైరై నాలుగేళ్లయినా, నేను ఆయనకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఆయన విసుక్కోలేదు. "భయపడుతున్నవా? మంచిదే. భయం లేని దినం సూది ముట్టకు" అనేవారు.

అండాశయంలో నీటిబుడగలు ఎందుకొస్తాయో నేను కాలేజీలో చదివాను. అర్థమైంది మాత్రం మల్దకల్‌లో, సారు కింద చేరిన కొత్తలో, ఆయన ఒక రైతుకు చెబుతుంటే విని. "గుడ్డు పగలాలంటే తలకాయకెల్లి హార్మోన్ హుకుం రావాలె. రాకపోతే పగలదు, నీటిబుగ్గ లెక్క పెరుగుతనే ఉంటది. గందుకే మాటిమాటికి ఎదకొస్తది, చూలు కట్టదు." కొన్ని బుడగలు గోడ మందమెక్కి ఆవును అసలు ఎదకే రానివ్వవు. అట్లాంటి వాటికి వేరే ఇంజెక్షన్ ఉంది. అది పొరపాటున చూలు ఆవుకు పడితే కడుపు పోతుంది. చేతికి అంటితే చాలు, ఒంట్లోకి ఇంకి కడుపుతో ఉన్న మనిషికీ అదే ప్రమాదం.

ఆ చివరి మాట నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. అయినా ఆ రోజు మల్దకల్‌లో తొడుగు లేకుండా ఆ ఇంజెక్షన్ సీసా మూత తీశాను. అప్పుడు నాకు రెండో నెల. మూడు నిండేదాకా బయటపెట్టొద్దని, దిష్టి తగులుతుందని మా అత్తమ్మ ఆన. ఇంత చదివి నేనూ నోరు మూసుకున్నాను. పొద్దున పేడ వాసన పడక రెండుసార్లు గోడ చాటుకు పోవడం సారు గమనించారట. సీసా నా చేతిలోంచి లాక్కున్నారు. అప్పటికే ఒక చుక్క వేలి మీద పడింది.

"కడుగు! ఇంక కడుగు!" అని అరిచారు. సబ్బు పెట్టి, చెంబుతో తానే నీళ్లు పోశారు. ఏమీ అడగలేదు. ఆ తర్వాత పది రోజులు నడుము కాస్త పట్టేసినా నా ప్రాణం పోయేది. మా పాప ఇప్పుడు రెండో తరగతి.

చాలాకాలానికి ఒకసారి, జీపులో, సారు తానే చెప్పారు. "ఒక ఊర్ల ఒక కోడలు నాకు సీసా పట్టింది. నేను అడగలే. ఆమె చెప్పలే." అంతే. ఆ కోడలి కడుపు పోయినప్పటినుంచే ఆయన ఏ కొట్టంలోకి వెళ్లినా పెట్టె తెరవకముందే గట్టిగా ఒక మాట చెప్పేవారు. మల్దకల్లోనూ చెప్పారు, అది డాక్టరుకు కాదనుకున్నాను.

ఈ కొట్టంలో రైతు ఫోన్ తీసేశాక మళ్లీ చేయి పెట్టి చూశాను. గర్భసంచి ఖాళీగా ఉంది. నమ్మకం చాలక మూడోసారీ చూశాను. ఖాళీయే. అండాశయం మీద నిమ్మకాయంత బుడగ, గోడ మందంగా తగిలింది; ఆ ఇంజెక్షనే వేయాలి. తొడుగు విప్పి, ఇంకొకటి వేసుకుని, మందుపెట్టె కోసం తిరిగాను. ఆ ఇంటి కోడలు దాన్ని పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది.

నా నోట సారు మాటే వచ్చింది. "ఆడోళ్లు ఎవరున్నా జర దూరం పోండ్రి. ఎందుకని మీరు చెప్పొద్దు, నేను అడగ."

"మా కోడలు పట్టుకుంటదిలే డాక్టరమ్మా, దానికేం భయం లేదు" అంది వెనకాలే నిలబడ్డ ఆమె అత్త.

ఆ పిల్ల అత్త వైపు చూడలేదు. పెట్టెను మెల్లగా గడ్డి వేసే గాడి అంచున పెట్టింది. అది ఇంకా తెరవనేలేదు. అయినా నీళ్ల తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. కొంగుకు తుడుచుకుని, ఒక్క క్షణం ఆగి, మళ్లీ కడుక్కుంది.