నాన్న ఉన్నారు, పోషించడం లేదు

నా చిన్నప్పుడు మా నాన్న గురించి ఎవరు అడిగినా మా అమ్మమ్మ ఒకటే మాట చెప్పేది, "పంపిస్తూనే ఉంటారండీ" అని. పెదపాడు దగ్గర మా ఊళ్ళో రెండు గేదెల పాలు అమ్మి నన్ను పెంచింది ఆవిడ. అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు. ఏడాది తిరక్కుండానే నాన్న కలిదిండిలో మళ్ళీ పెళ్ళి చేసుకుని, చేపల చెరువులు లీజుకు తీసుకుని అక్కడే ఉండిపోయారు. ఆయన ఏనాడూ ఏమీ పంపలేదు. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసనుకునేదాన్ని.

పదో తరగతి పాసై ఏలూరులో ఇంటర్లో చేరాను. స్కాలర్‌షిప్ వస్తేనే చదువు, లేకపోతే లేదు. దరఖాస్తు మీద తండ్రి సంతకం, తండ్రి పేరు మీద ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాలన్నారు కాలేజీ ఆఫీసులో. నాన్న మా దగ్గర ఉండరని చెబితే, "ఉన్నారా, పోయారా? ఇక్కడ రెండే గళ్ళున్నాయమ్మా" అన్నాడు గుమస్తా. ఆయన తప్పేం లేదు. ఆ కాగితంలో నాలాంటివాళ్ళకి చోటు లేదు, అంతే.

అమ్మమ్మా నేనూ బస్సులు మారి కలిదిండి చేరేసరికి మధ్యాహ్నమైంది. నాన్న చెరువు గట్టు మీదే కనిపించారు. ఇంటికి రమ్మనలేదు. గట్టున కాపలా పాకలో మమ్మల్ని కూర్చోబెట్టి సోడాలు తెప్పించారు. నేనిచ్చిన దరఖాస్తు మొత్తం చదివి, మడతపెట్టి మళ్ళీ నా చేతికే ఇచ్చేశారు.

"ఇవాళ దీనిమీద సంతకం పెడితే రేపు చెరువుల్లో వాటా అంటారు అత్తయ్యగారూ. ఏమీ అనుకోకండి."

అమ్మమ్మ సోడా ముట్టుకోలేదు. నాకు దాహంగా ఉండి తాగేశాను. ఆయన సంతకం పెట్టనందుకు కాదు, ఆ సోడా తాగినందుకు తిరుగు బస్సులో దారంతా సిగ్గుపడ్డాను.

తాలూకాఫీసు ఎదురుగా చిన్న బల్ల వేసుకుని అర్జీలు రాసే తాతగారొకాయన ఉండేవారు. వారం తర్వాత అమ్మమ్మ నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది. అప్పటికే అలిసిపోయి ఉంది. "పోయాడని రాసెయ్యండి బాబూ. మాకు పోయినట్టే" అంది.

ఆయన కలానికి మూత పెట్టేశారు. "నేను రాయనండి. కింద సంతకం పెట్టేది ఈ అమ్మాయి. ఉన్న తండ్రిని పోయాడని రాస్తే, రేపు ఎవరైనా అడిగినప్పుడు నిలబడాల్సిందీ ఈ అమ్మాయే" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పు, చాలు" అన్నారు.

అంతకుముందు ఎప్పుడూ ఆ మాటలు నా నోట రాలేదు. "మా నాన్న ఉన్నారు. నన్ను పోషించడం లేదు. మా అమ్మమ్మ పోషిస్తోంది." జాలి పుట్టించే మాటలు ఒక్కటి కూడా కలపకుండా ఆయన వాటినే రాశారు. ఇదంతా నిజమని మా ఊరివాళ్ళు ఇద్దరు కింద సంతకం చేయాలన్నారు.

అమ్మమ్మ మొహం చిన్నబోయింది. పదేళ్ళుగా ఊరందరికీ చెప్పుకొచ్చినది అబద్ధమని ఇప్పుడు ఆవిడే సాక్ష్యం అడగాలి. మర్నాడు పొద్దున్న పాలు పొయ్యడానికి పక్కింటికి వెళ్ళినప్పుడు, గుమ్మం ముందు నిలబడిందే గాని నోరు పెగల్లేదు. చివరికి నేనే చెప్పాను. పక్కింటి అత్తయ్యగారు లోపలికి వెళ్ళి కలం తెచ్చి మామయ్యగారి చేతిలో పెట్టి, "మాకు తెలుసు పిన్నిగారూ, ఎప్పణ్ణుంచో తెలుసు. మీరే చెబుతారని ఊరుకున్నామండీ" అన్నారు.

అమ్మమ్మ అరుగు మీద కూలబడింది. ఏడవలేదు. కాసిని మంచినీళ్ళిమ్మని అడిగింది. ఏ ఇంటి ముందూ నిమిషం ఆగకుండా తిరిగే మనిషి, ఆ రోజు మిగిలిన పాలు నాకిచ్చి పంపించి చాలాసేపు అక్కడే కూర్చుంది. రెండో సంతకం ఎదురింటివాళ్ళు పెట్టారు. వాళ్ళకీ తెలుసట.

తర్వాత కూడా పని సులువుగా జరగలేదు. తాలూకాఫీసుకి ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. ఒకసారి అధికారి లేరు, ఒకసారి ముద్ర లేదు. ఆఖరికి అమ్మమ్మ పేరు మీద ఇన్‌కమ్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. దాన్ని చూసి గుమస్తా, "తండ్రి" అన్న మాట కొట్టేసి, పైన "సంరక్షకురాలు" అని రాశాడు. స్కాలర్‌షిప్ వచ్చేసరికి మొదటి ఏడాది అయిపోవచ్చింది. అయినా వచ్చింది. చదువుకున్నాను, టీచర్నయ్యాను, రిటైరయ్యాను.

నిజం చెబితే మనసు తేలికపడుతుందంటారు. నాకైతే ఆ రోజు తేలికపడలేదు, చాలా ఏళ్ళు నాన్న పేరు వింటేనే నీరసం వచ్చేది. కానీ నిజం దాచడానికి అమ్మమ్మ పదేళ్ళు చేసిన చాకిరీ ఒకటి నాకు తప్పింది. నా పెళ్ళి నిలబడనప్పుడు, సెలవులయ్యాక స్కూలు తెరిచిన మొదటి రోజునే స్టాఫ్ రూములో కుర్చీ లాక్కుని కూర్చుని, "మేం కలిసి ఉండడం లేదండీ" అని ఎవరూ అడక్కముందే నేనే చెప్పాను. చెప్పి, హాజరు పట్టీ తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయాను.