బువాలై పరచని పక్క

మా ఊళ్ళో పెళ్ళంటే బువాలై ఉండాల్సిందే. పెళ్ళికొడుకు ఊరేగింపు వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా తాడు పట్టుకుని నిలబడేది. వాళ్ళు తన ప్రశ్నలకు జవాబు చెప్పి, గ్లాసుడు సారా పోస్తేనే తాడు వదిలేది. ఆ నోటికి జడిసి కొందరు పొరుగూళ్ళ నుంచి మాటకారుల్ని వెంటబెట్టుకొచ్చేవారు. మామూలు రోజుల్లో మెకాంగ్ ఏటికి లావోస్ వైపున్న మా రేవులో కాల్చిన చేపలు అమ్మేది. బేరమాడారో, అయిపోయారే!

కొత్త దంపతులకు పక్క పరిచేదీ ఆవిడే. అది ఎవరుపడితే వాళ్ళు ముట్టుకునే పని కాదు. మొగుడితో కాపురం చేసుకుంటున్న పిల్లల తల్లే పరచాలి. విధవలో, మొగుడు వదిలేసినవాళ్ళో చెయ్యి వేస్తే ఆ కీడు కొత్త జంటకు అంటుకుంటుందని మావాళ్ళ భయం.

బువాలై మొగుడు సింగ్‌ఖాం ఏరు దాటి థాయిలాండ్‌లో చెరుకు కోతకు వెళ్ళాడు. మొదట్లో కొత్త సంవత్సరానికి వచ్చేవాడు. తర్వాత అదీ మానేశాడు. "పని తెమలడం లేదట, ఫోన్ చేశాడులే" అనేది బువాలై. పక్కింటిదాన్ని, నాకు అనుమానం లేకపోలేదు. కానీ అడిగి ఆ నోట్లో పడేదెవరు?

ఆవిడ చెల్లెలు వాన్‌సీ కూతురు నువాన్‌కు అవతలి ఒడ్డు కుర్రాడు ప్రసోంగ్‌తో పెళ్ళి కుదిరింది. అక్కడివాళ్ళు ఇంట్లో మాట్లాడేదీ మా లావో భాషే, రాసుకునేదే వేరు. పెళ్ళిరోజు పొద్దున్నే వాన్‌సీ కొత్త దుప్పటి తెచ్చి అక్క చేతిలో పెట్టింది.

"కానివ్వక్కా, వాళ్ళొచ్చేస్తారు."

బువాలై మడత విప్పింది. మళ్ళీ మడిచేసింది.

"ఇంకెవరినైనా పిలువు."

"ఇదేం విడ్డూరం? నీ చేతులకేమైంది?"

"చేతులు బాగానే ఉన్నాయి. మొగుడే లేడు. ఆయనకక్కడ ఇంకో పెళ్ళాం ఉందే, పిల్లలు కూడానట. ఫోనూ లేదు, పాడూ లేదు."

వాన్‌సీ దుప్పటి వెనక్కి తీసుకుంది. "మరి ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళకి పరిచావు కదక్కా!"

"పరిచాను. చెప్పుకోలేక పరిచాను. దీనికి మాత్రం నా వల్ల కాదు. నేనెత్తుకుని పెంచిన పిల్ల."

అక్కడే పూలు గుచ్చుతున్న నాకు ఒళ్ళు మండింది. పోయినేడు మా చిన్నాడికి పక్క పరిచింది ఈవిడే మరి! తిట్టడానికి నోరు తెరిచాను కానీ, ఆ మొహం చూసి జాలేసింది. చివరికి, మొగుడూ చెయ్యి వేస్తే ఇంకా మంచిదని మా ఆయన్ని పిలిచి, ఆ పక్క మేమిద్దరం పరిచాం.

ఇంతలో డోళ్ళు వినిపించాయి. బువాలై గుమ్మం వైపు నడిచింది. సంగతి అప్పుడే పాకినట్టుంది, ఈవిడా తాడు పట్టేదని ఎవరో గొణిగారు.

"తాడు పట్టడానికి మొగుడెందుకే?" అని కసిరింది.

ప్రసోంగ్ తరఫు మాటకారి ముందుకొచ్చి, చల్లని ఇల్లు వెతుక్కుంటూ వెండీ బంగారం మోసుకొచ్చామని అందుకున్నాడు.

"నువ్వాగవయ్యా, కుర్రాణ్ణి చెప్పనీ. ఏమోయ్ అబ్బాయ్, రేపెప్పుడైనా దీని మీద మనసు విరిగితే ఏం చేస్తావ్?"

"శుభమా అని పెళ్ళికొస్తే అవేం మాటలమ్మా!" అన్నాడు మాటకారి. వాన్‌సీ తల పట్టుకుంది.

ప్రసోంగ్ చెమట తుడుచుకున్నాడు. అతనికి ఇలాంటి జవాబు ఎవరూ నేర్పి పంపలేదు.

"తన ఎదురుగా నిలబడి తనకే చెప్తాను పెద్దమ్మా. చెప్పకుండా మాత్రం పోను."

 బువాలై పక్కనే ఉన్న నా చెవి దగ్గరకు వంగింది.

"ఈపాటి మాట ఆయన నా మొహాన చెప్పి ఉంటే వెళ్ళనిచ్చేదాన్నే," అంది, తాడు వదిలేస్తూ.