తలుపు వెనక అత్తయ్య

మా మేనత్త పోయిందని పోయిన మంగళవారం పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. చిలకలూరిపేటలో బస్సెక్కి ఊరు చేరేదాకా నాకు గుర్తొచ్చింది ఆమె ముఖం కాదు, ఓరగా వేసిన మా వీధి తలుపు.

పెళ్లయిన ఏడాదికే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఇలాంటి ఇళ్లు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. ఎవరు ఏ పని మీద బయల్దేరినా ఆమె తలుపు వెనక్కి వెళ్లిపోయేది. ఎవరూ చెప్పక్కర్లేదు, చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వింటే చాలు. మిరప కోత మొదలయ్యే రోజున ఎవరికీ ఎదురుపడకుండా అందరికంటే ముందే చేలోకి వెళ్లి, అటు చివర గట్టు మీద కూర్చునేది. మొదటి కాయ అమ్మ కోసేదాకా చేతులు ఒళ్లోనే. ఆ తోటకు కలుపు తీసింది, నీళ్లు పెట్టింది ఆమే. కళ్లంలో ఎండిన కాయను చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడు విని, "ఇంకో ఎండ కావాలి" అనేది. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

నా ఆరో తరగతిలో 'అపశకునం' అన్న మాటకు అర్థం రాసి, సొంత వాక్యంలో ప్రయోగించమన్నారు. "మా అత్తయ్య ఎదురు రావడం అపశకునం" అని రాశాను. మాస్టారు రైటు కొట్టారు. గొప్పగా తెచ్చి ఇంట్లో చూపించాను. నాన్న నవ్వాడు. ఎనిమిది దాకా చదివిన అత్తయ్య నోటుబుక్కు తీసుకుని చదివింది.

"చేతిరాత బాగుందే" అంది. మర్నాడు కూడా నాకు తనే జడ వేసింది. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒంగోలులో ఇంటర్వ్యూకి వెళ్లే రోజు ఆ వాక్యాన్ని ఎలాగైనా చెరిపేయాలనుకున్నాను. "అత్తయ్యా, నువ్వు ఎదురు రా. వస్తేనే కదుల్తాను" అని గుమ్మంలో నిలబడ్డాను.

"వద్దులేవే. ఉద్యోగం వస్తే నీ తెలివంటారు. రాకపోతే నావల్లేనంటారు. ఇంకోటి మొయ్యలేనే నేను" అంది, తలుపు అటువైపు నుంచే.

అమ్మ బస్సు టైమైందని తొందరపెట్టింది. వెళ్లిపోయాను. ఉద్యోగం వచ్చింది. ఇంట్లో ఆమె మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మంగళవారం సాయంత్రం ఆమెను తీసుకెళ్లేటప్పుడు వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీశారు. ఆమె కోసం ఆ తలుపు అలా తీయడం నేనెప్పుడూ చూడలేదు. ఆడవాళ్లం గుమ్మం దగ్గరే ఆగిపోయాం. నేను తలుపు వెనక్కి వెళ్లాను. అక్కడ భుజం ఎత్తున, అరచేయంత మేర రంగు పోయి చెక్క నున్నగా అరిగింది. దాని మీద నా చెయ్యి పెట్టి సందులోంచి చూశాను. అక్కణ్నుంచి ఎవరి ముఖమూ కనబడదు. ఆమెను మోసుకెళ్తున్నవాళ్ల వీపులు మాత్రం వీధి మలుపు దాకా కనిపించాయి.