‘ని’ ఎవరికి తగిలింది?

ఆ బడిలో ఆరో తరగతికి వ్యాకరణం చెప్పే టీచరమ్మకు పిల్లలు పెట్టుకున్న పేరు జోలపాట.

పేరు ఊరికే రాలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, మేడమీద చివరి గదిలో, కిర్రుకిర్రుమనే ఫ్యాను కింద ఆమె “కర్త, కర్మ, క్రియ” అని మొదలుపెట్టగానే వెనక బెంచీ వాలిపోయేది. విభక్తుల దగ్గరికి వచ్చేసరికి ముందు బెంచీ కూడా దానికి తోడుపోయేది. ఆ పేరు సంగతి ఆమెకు తెలుసు. కోప్పడదామంటే నోరు రాలేదు. చిన్నప్పుడు తానూ సరిగ్గా అక్కడే నిద్రపోయింది మరి.

ఇంట్లో మాత్రం ఐదేళ్ల కూతురు కథ లేనిదే ముద్ద మింగేది కాదు. కథల శాఖ అత్తగారిది. ఆవిడకు ఆ మధ్యే కట్టుడు పళ్లు పెట్టారు. పళ్లు కొత్తవి, నాలుక పాతది. రెంటికీ పొత్తు కుదరలేదు. ఒక సాయంత్రం ఆవిడ “రాక్షసుడు రాజకుమారిని ఎత్తుకుపోయాడు” అనబోయి, పళ్లు సర్దుకునే హడావిడిలో, “రాజకుమారి రాక్షసుణ్ణి ఎత్తుకుపోయింది” అనేసింది.

పిల్ల పకపకా నవ్వింది. తెరుచుకున్న నోట్లో ఆవిడ ముద్ద పెట్టేసింది.

“ఎక్కడికి నాయనమ్మా?”

“ఇంకెక్కడికీ, ఏడు సముద్రాల అవతలికి. మింగు ముందు.”

ఏం అన్నదో ఆవిడకే తెలియలేదు. పక్కన పళ్లేలు కడుగుతున్న కోడలి చెయ్యి మాత్రం ఆగిపోయింది.

మర్నాడు చివరి గదిలో ఆమె కర్త పేరెత్తలేదు. బోర్డు మీద ‘రాజకుమారి రాక్షసుడిని ఎత్తుకుపోయింది’ అని రాసి, రాజకుమారి రాక్షసుణ్ణి చంకన వేసుకుని పోయిన కథ మొదలుపెట్టింది. వాడు దారంతా “అమ్మా, నన్ను దింపు తల్లీ” అని మొత్తుకున్నాడట. వెనక బెంచీ లేచి కూర్చుంది.

“ఇప్పుడు వాణ్ణి కాపాడాలి. ఒక్క అక్షరం అటు నుంచి ఇటు మార్చండి చాలు,” అంది.

గుసగుసలు, తోపులాటలు. చివరికి ఎప్పుడూ నోరు విప్పని ఓ పిల్ల లేచి, రాక్షసుడికి అంటుకున్న ‘ని’ చెరిపి రాజకుమారికి తగిలించింది. “‘ఎత్తుకుపోయింది’ కూడా ‘ఎత్తుకుపోయాడు’ అవుతుంది టీచర్,” అని, ఒక్క క్షణం ఆలోచించి, “అంటే ‘ని’ ఎవరికి తగిలితే వాళ్ల పని అయిపోయినట్టే!” అంది.

కర్మకు ఇంతకంటే మంచి నిర్వచనం టీచరమ్మ ఎక్కడా చదవలేదు. ఆ వారానికల్లా ఆటస్థలంలో కొత్త ఆట పుట్టింది. అంటుకున్నవాడల్లా “నాకు ‘ని’ తగిలిందిరా!” అని చతికిలబడటమే.

అక్కడి నుంచి ఆమె రోజూ వంటింట్లో చెవులు రిక్కించుకునేది. అత్తగారి నోరు కల్పవృక్షమైంది. ఓ రోజు రాజకుమారుడు ముద్దు పెట్టగానే కప్పగా మారాడు, అందరూ ఎంతో సంతోషించారు. ఇంకో రోజు రాక్షసుడు రాజకుమారి కోసం ఏడవాల్సింది, రాజకుమారి వలన ఏడ్చాడు. అది విని లెక్కల మాస్టారు, “కోసం ఏడిస్తే ప్రేమ, వలన ఏడిస్తే పెళ్లి,” అని టీ ఒలకబోసుకున్నాడు.

ఈ సంబరంలో ఒక తండ్రి హెడ్మాస్టరు దగ్గరకు వచ్చాడు. “మావాడికి తప్పుడు కథలు నేర్పుతున్నారండీ. ఇంట్లో రాక్షసుడంటే భయపడేవాడు, అన్నం తినేవాడు. ఇప్పుడు ‘పాపం రాక్షసుడు’ అంటున్నాడు!”

హెడ్మాస్టరు ఆమెను పిలిచాడు. “అసలు కథ అలా లేదుగా అమ్మా?”

“మా అత్తయ్య చెప్పే కథలండీ,” అంది టీచరమ్మ.

“అయితే ఆవిణ్ణే తీసుకురండి. నేనూ వింటాను.”

తన తప్పులే బడిలో పాఠాలవుతున్నాయని అత్తగారికి తెలియదు. కోడలు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ ఉప్పు అడిగి ఊరుకుంది.

అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, పళ్లు బిగించుకుని వచ్చింది. హెడ్మాస్టరు వెనక బెంచీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. బడి కదా అని ఆవిడ అచ్చులో పోసినట్టు మొదలుపెట్టింది. రాక్షసుడు రాజకుమారిని ఎత్తుకుపోయాడు. రాజకుమారుడు రాక్షసుణ్ణి చంపాడు. ఒక్క అక్షరం జారలేదు. పిల్లల మొహాలు వేలాడిపోయాయి. ఫ్యాను కిర్రుమంది. వెనక ఎవరో ఆవలించారు.

ముందు బెంచీ గడుగ్గాయి ఇక ఉండబట్టలేక, “బామ్మగారూ, తప్పులు ఎప్పుడు మొదలెడతారు?” అన్నాడు.

“ఏం తప్పులురా?”

“మీరు ఇంట్లో చెప్పేవి! టీచర్ రోజూ మాకు చెప్తారుగా!”

అత్తగారు తల తిప్పి కోడల్ని చూసింది. కోడలు సుద్దముక్కను చూసుకుంది.

“ఓహో,” అంది అత్తగారు. కుర్చీ ముందుకు జరుపుకుంది. “సరే వినండి. రాజకుమారుడికి గుర్రం ఎక్కింది.”

“రాజకుమారుడే గుర్రం ఎక్కాడు!” గది గదంతా అరిచింది.

“కత్తి రాజకుమారుణ్ణి దూసింది. రాక్షసుడి చేత రాజకుమారుడు చచ్చాడు.”

“కాదు, కాదు!” వెనక బెంచీలోంచి హెడ్మాస్టరు లేచిపోయాడు. “రాజకుమారుణ్ణి చేత రాక్షసుడు...”

“సార్! రాజకుమారుడి చేత!” అని నలభై గొంతులు సరిదిద్దాయి. ఆయన బుర్ర గోక్కుంటూ కూర్చుని, నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. ఆ తరవాత ఫిర్యాదు ఊసే ఎత్తలేదు.

ఇంటికి వెళ్లే దారిలో అత్తగారు కోడలి కంటే ఓ అడుగు ముందే నడిచింది.

“నా తప్పులు నాకు చెప్పకుండా ఊరంతా పంచిపెట్టావన్నమాట.”

“తప్పే అత్తయ్యా. చెబితే మానేస్తారేమోనని భయపడ్డాను.”

“అవి నావి కావు, పళ్లవి,” అంది ఆవిడ. గొంతులో ఇంకా కొంచెం అలక ఉంది. నాలుగడుగులు వేశాక ఆగింది. “ఇంతకీ ఆ ‘చేత’ను ఏమంటారే? మా నాన్న నన్ను మూడో తరగతితో మానిపించాడు. అక్కడిదాకా రానేలేదు.”

“తృతీయా విభక్తి అత్తయ్యా.”

“మరి మొదటి రెండూ?”

కాపరానికి వచ్చి తొమ్మిదేళ్లయినా, అత్తాకోడళ్లు గంటసేపు ఆగకుండా మాట్లాడుకున్నది ఆ రోజే. ఇల్లు చేరి, వంటింట్లో కూర్చుని, పంచమీ విభక్తి దాకా వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.